మన పురుగుకు ఒక బొమ్మ కావాలె



మన ఫోన్లలో ఎమోజీలు మూడు వేల ఏడు వందలకు పైనే ఉన్నయ్. చీర ఉంది, ఆటో ఉంది, దీపం ప్రమిద ఉంది. దారపు ఉండ ఉంది, సీతాకోకచిలుక ఉంది, ఈగ, దోమ, బొద్దింక కూడా ఉన్నయ్. పట్టుపురుగు లేదు. పట్టుగూడు లేదు. మల్బరీ ఆకూ లేదు.

దగ్గర్లో ఉన్నదేందంటే ఒక పచ్చ పురుగు. చాలా ఫోన్లలో అది అచ్చం సోయాబీన్‌ను తినే పచ్చపురుగు లెక్కనే కనపడుతది. నాందేడ్ జిల్లాలో సోయా, పత్తి వేసే రైతుకు ఆ బొమ్మ చూడంగనే గుర్తొచ్చేది పట్టు కాదు, స్ప్రే పంపు. మనం ప్రాణం పెట్టి సాదుకునే పురుగుకు, పక్క చేనోడు చంపాలని చూసే పురుగుకు ఒకటే బొమ్మ. తెలుగులో రెండూ 'పురుగే', మరాఠీలో రెండూ 'అళీ'నే. మాటలోనే ఉన్న ఈ తికమక బొమ్మలో ఇంకా ఎక్కువైంది.

అందుకే ఈ సంచికలో మన గ్రూపుకు మనమే బొమ్మలు చేసుకోవడం గురించి మాట్లాడుకుందాం. ఇది పిల్లల ఆట అనుకోకండి. పురుగు ఐదో దశలో ఉన్నప్పుడు ఒక మెసేజ్ తప్పుగా అర్థమైతే ఏమైతదో మనందరికీ తెలుసు.

'జ్వరం' అంటే ఏ జ్వరం?

మనం పురుగు పొర విడిచే ముందు 'జ్వరానికి కూర్చుంది' అంటం. అది రోగం కాదు. గుడ్డు నుంచి గూడు దాకా పురుగు నాలుగుసార్లు జ్వరానికి కూర్చుంటది, నాలుగుసార్లు లేస్తది. తల పైకెత్తి, మేత మానేసి, కదలకుండా ఉంటది. అప్పుడు మన పనల్లా మేత ఆపడం, పడక పొడిగా ఉంచడం, సున్నం చల్లడం, పురుగును కదిలించకుండా ఉండడం. అంతే.

ఇదే మాట మరాఠీ చదువుకున్న పిల్లగాడు చూస్తే? మరాఠీలో కూడా 'జ్వర్' అనే మాట ఉంది, కానీ దానికి ఒంటి వేడి అనే అర్థం. పురుగు పొర విడవడాన్ని వాళ్లు 'కాత్' అంటరు. 'రెండో జ్వరం మొదలైంది' అని మనం రాస్తే, 'రోగమొచ్చింది' అని అతనికి అర్థమైతది. ఫోన్‌లోని అనువాదం కూడా దాన్ని ఒంటి జ్వరం అనే చెప్పే అవకాశం ఎక్కువ. ఇక ఎవరన్నా మాటకు బదులు నోట్లో థర్మామీటరు పెట్టుకున్న ముఖం ఎమోజీ పెట్టిన్రనుకోండి, అయిపాయె.

దీనికి ఉల్టా కూడా జరుగుతది. నిజంగానే పాలపురుగు కనపడిందని ఒకరు ఫొటో పెడితే, కింద వచ్చే గుర్తులు చూడండి. ఒకరు బొటనవేలు పెడతరు. 'చూసిన' అనా? 'మా దగ్గర కూడా ఉంది' అనా? 'ఏం కాదు, ధైర్యంగుండు' అనా? ఇంకొకరు రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతరు. అది నమస్కారమా, ధన్యవాదమా, పోయిన పురుగులకు సంతాపమా? అడిగినోడికి జవాబు దొరకదు. తెల్లారి మేత టైముకు మళ్లీ అదే అనుమానంతో షెడ్డులకు పోతడు.

బొమ్మలు ఎన్నో ఉన్నయ్. వాటికి మనం అందరం కలిసి ఒప్పుకున్న అర్థం లేదు. అసలు లోపం అక్కడుంది.

మన దిక్కు ముచ్చట

ఈ అవసరం వేరే జిల్లాల కంటె నాందేడ్‌లో ఎక్కువ. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాల్లో ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. అవతల గట్టు మీద నిజామాబాద్, నిర్మల్, కామారెడ్డి, ఆదిలాబాద్ జిల్లాలు. చుట్టరికాలు అటూ ఇటూ. 1956 దాకా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండె. ఆ ఏడాది నవంబరులో బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర అయింది.

అందుకని ఒక్క ఇంట్లనే మూడు లిపులు కనపడతయ్. నిజాం కాలంలో బడికి పోయిన తాతకు ఉర్దూ వచ్చు. కొడుకులు, మనుమలు మరాఠీ చదివిన్రు. తెలుగు అందరూ మాట్లాడతరు, చదవడం మాత్రం కొందరికే వస్తది. నాందేడ్ పట్టణంలో గురుద్వారా దిక్కు పోతే దేవనాగరి పక్కనే గురుముఖి బోర్డులు కూడా కనపడతయ్. మాట ఒకటి, రాత ఒకటి అయి బతకడం మనకు కొత్త కాదు.

బొమ్మతోని పని జరుపుకోవడం కూడా కొత్త కాదు. 1951-52లో దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టిన్రు. పెట్టె మీద గుర్తు అంటించిన్రు. అక్షరం రానోడు కూడా తన గుర్తున్న పెట్టె చూసుకొని చీటీ వేసి వచ్చిండు.

పురుగుమందు డబ్బా మీద త్రికోణం కూడా అట్లాంటిదే. ఎరుపు అన్నిటికంటె ఎక్కువ విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివరికి ఆకుపచ్చ. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆకుపచ్చ త్రికోణం చూసి 'పర్లేదు, మంచిదే' అనుకునేటోళ్లు ఉన్నరు. దాని అర్థం 'విషం తక్కువ' అని మాత్రమే. విషం లేదని కాదు. పట్టుపురుగుకైతే ఆ తక్కువ కూడా ఎక్కువే. గుర్తు ఎంత మంచిదైనా, అర్థం ఎవరూ చెప్పకపోతే మనిషి తనకు తోచిందే చదువుకుంటడని ఈ త్రికోణమే సాక్ష్యం.

ఎమోజీలు ఎక్కడ పుడతయ్?

కొంతమంది అడుగుతరు: 'కంపెనీకి చెప్పి పట్టుపురుగు ఎమోజీ పెట్టించరాదా?' అడగొచ్చు. కానీ దానికో పద్ధతి ఉంది.

ఎమోజి జపాన్ మాట. 'ఎ' అంటే బొమ్మ, 'మోజి' అంటే అక్షరం. బొమ్మక్షరం అన్నట్టు. 1999లో అక్కడి డొకోమో ఫోన్ కంపెనీ కోసం షిగెటాకా కురిటా అనే ఆయన 176 చిన్న బొమ్మలు తయారు చేసిండు. ఒక్కో బొమ్మ అడ్డం పన్నెండు చుక్కలు, నిలువు పన్నెండు చుక్కలు. ఎండ, వాన, గొడుగు, ఫోను, గుండె అట్లాంటివి. అంతకు ముందే 1997లో ఇంకో జపాన్ కంపెనీ కూడా కొన్ని బొమ్మలు తెచ్చింది. ప్రపంచంలోని లిపులన్నిటికీ కంప్యూటర్‌లో నంబర్లు ఇచ్చే యూనికోడ్ అనే సంస్థ 2010లో వీటిని కూడా లెక్కలోకి తీసుకుంది. మన 'అ' అక్షరానికి ఒక నంబరు ఉన్నట్టే ప్రతి ఎమోజీకి ఒక నంబరు ఉంటది. మీరు పంపేది ఆ నంబరే. అవతలి ఫోన్ తన దగ్గరున్న బొమ్మ తీసి చూపిస్తది. అందుకే ఒకే ఎమోజీ ఒక్కో ఫోన్‌లో ఒక్కో తీరుగా కనపడుతది.

కొత్త బొమ్మ కావాలంటే యూనికోడ్‌కు అర్జీ పెట్టాలె. ఎవరైనా పెట్టొచ్చు. హిజాబ్ కట్టుకున్న అమ్మాయి బొమ్మ కోసం రయూఫ్ అల్హుమేదీ అనే పదిహేనేండ్ల పిల్ల అర్జీ పెడితే 2017లో వచ్చింది. దోమ బొమ్మ 2018లో వచ్చింది. దాన్ని అడిగింది ఆరోగ్య రంగంలో పని చేసేటోళ్లు. మలేరియా, డెంగీ గురించి జనానికి చెప్పేటప్పుడు అక్షరం లేకుండ అర్థమయ్యే గుర్తు కావాలన్నది వాళ్ల వాదన. చీర, ప్రమిద, ఆటో, గుడి బొమ్మలు 2019లో వచ్చినయ్.

దోమకు ఒక బొమ్మ దొరికినప్పుడు, చైనా నుంచి మన దేశం దాకా ఇన్ని కుటుంబాలకు అన్నం పెట్టే పురుగుకు ఎందుకు దొరకొద్దు? న్యాయమైన ప్రశ్నే. అర్జీ పెట్టేటోళ్లు ముందుకొస్తే మంచిదే. కానీ అర్జీ నుంచి ఫోన్‌లోకి రావడానికి ఏడాది, రెండేండ్లు పడుతది. అదీ ఒప్పుకుంటే. మన పంట నెల లోపల అయిపోతది. మనకు కావాల్సింది ఈ పంటకు.

స్టికర్లే మన ఎమోజీలు

వాట్సాప్‌లో సొంత ఎమోజీ పెట్టుకునే వీలు లేదు. 2018 అక్టోబరు నుంచి స్టికర్లు వచ్చినయ్. స్టికర్ నంబరు కాదు, అచ్చంగా బొమ్మే పోతది. మీరు ఏది పంపితే అవతలోళ్లకు అదే కనపడుతది. మన పనికి ఇదే మేలు. టెలిగ్రామ్ వాడేటోళ్లకు 2022 ఆగస్టు నుంచి సొంత ఎమోజీలు కూడా ఉన్నయ్ గానీ, వాటిని మెసేజ్‌లలో వాడాలంటే పైసలు కట్టే ఖాతా ఉండాలె. మనకు స్టికర్లు చాలు.

ఎన్ని కావాలె? ఎక్కువ చేస్తే ఎవరికీ గుర్తుండవు. పన్నెండు చాలని మా అభిప్రాయం. మూడు గుంపులు చేసుకుందాం.

మొదటి గుంపు: హెచ్చరికలు (త్రికోణం అంచు)

1. పాలపురుగు. కణుపులు ఉబ్బి, చర్మం మెరిసి, తెల్లని పాల లాంటి నీరు కారుతది. పడక అంచు వెంబడి ఊరికే తిరుగుతుంటది. ఆ కారిన నీరు ఆకు మీద పడితే పక్క పురుగులకు అంటుకుంటది. బొమ్మ: ఉబ్బిన కణుపుల పురుగు, కింద ఒక తెల్ల చుక్క.

2. సున్నపురుగు. చచ్చిన పురుగు గట్టిపడి సున్నపు కడ్డీ లెక్క అయితది. చల్లదనం, తేమ ఎక్కువున్న రోజుల్లో వస్తది. ఆ తెల్ల పొడే రోగాన్ని గాలిలో మోసుకపోతది కాబట్టి తెల్లబడక ముందే ఏరి తీసెయ్యాలె. బొమ్మ: వంకర లేకుండ నిటారుగా పడి ఉన్న తెల్ల పురుగు.

3. ఊజీ ఈగ. పురుగు ఒంటి మీద నల్లమచ్చ కనపడిందంటే ఈగ గుడ్డు పెట్టిపోయిందన్నట్టే. లోపలి పురుగు గూడును తొలుచుకొని వస్తే ఆ గూడు దారం తియ్యడానికి పనికిరాదు. బొమ్మ: నల్లమచ్చ పురుగు, మీద ఈగ.

4. మందు కొడుతున్నరు. మన జిల్లాలో ఖరీఫ్‌లో ఇది అన్నిటికంటె ముఖ్యం. పక్క చేన్ల పత్తికో సోయాకో మందు కొడితే గాలికి మన మల్బరీ మీద పడుతది. ఆ ఆకు తిన్న పురుగు కక్కుకుంటది, మెలికలు తిరుగుతది, పోతది. బొమ్మ: స్ప్రే పంపు, పక్కన అడ్డగీత కొట్టిన మల్బరీ ఆకు. ఈ స్టికర్ పట్టు రైతే పెట్టాలని లేదు. పక్క చేను రైతును కూడా గ్రూపులో చేర్చుకుంటే, కొట్టే ముందు రోజే అతను పెట్టొచ్చు. మనం ఆ దిక్కు ఆకు ముందే కోసుకోవచ్చు, లేదా దాన్ని వదిలేసి వేరే దిక్కు కోసుకోవచ్చు.

రెండో గుంపు: రోజువారీ పని (గుండ్రం అంచు)

5. గుడ్లు పగిలినయ్, చాకీ మొదలైంది. బొమ్మ: గుడ్ల అట్ట మీద నల్ల చీమల్లాంటి చిన్న పురుగులు.

6. జ్వరానికి కూర్చుంది. బొమ్మ: తల పైకెత్తిన పురుగు, పక్కన ఆకుకు అడ్డగీత.

7. జ్వరం లేచింది, మేత మొదలు. బొమ్మ: విడిచిన పొర, పక్కన ఆకు తింటున్న పురుగు.

8. పురుగు పండింది. ఒళ్లు పసుపురంగు తిరిగి, లోపలికి వెలుతురు కనపడేటట్టు అయితది. బొమ్మ: లేత పసుపు పురుగు, వెనక చంద్రిక.

మూడో గుంపు: ఇచ్చిపుచ్చుకోవడం (చదరం అంచు)

9. ఆకు కావాలె. 10. ఆకు ఉంది. పంట మొత్తంలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైన ఐదో దశలోనే తింటది గదా. ఆ వారంలో ఆకు తక్కువ పడితే పంట మొత్తం పోయినట్టే. ఒకరి తాన ఆకు ముదిరిపోతుంటది, రెండు ఊర్ల అవతల ఇంకొకరు ఆకు కోసం తిరుగుతుంటరు. బొమ్మ: ఖాళీ గంప ఒకటి, ఆకు నిండిన గంప ఒకటి.

11. సామాను మార్చుకోవద్దు. రోగమొచ్చిన ఇంటి తట్టలు, చంద్రికలు కడగకుండా ఇంకో ఇంటికి పోతే రోగం కూడా వెంట పోతది. బొమ్మ: చంద్రిక మీద తాళం.

12. గూళ్లు తయార్, మార్కెట్‌కు పోతున్నం. 2018లో జాల్నాలో గూళ్ల మార్కెట్ మొదలు కాక ముందు మరాఠ్వాడా రైతులు కర్ణాటకలోని రామనగరం దాకా పోవాల్సి వచ్చేది. ఎక్కడికి పోయినా నలుగురు కలిసి ఒకే బండి మాట్లాడుకుంటే కిరాయి కలిసొస్తది. బొమ్మ: గూళ్ల సంచి, బండి.

బొమ్మ గీయడం ఎట్ల?

చెయ్యి తిరిగిన చిత్రకారుడు అక్కర్లేదు. బడికి పోయే పిల్లలకు ఇవ్వండి, సంబరంగా గీస్తరు. కానీ నాలుగు మాటలు చెప్పి ఇవ్వండి.

ఒకటి, తెల్ల పురుగును తెల్ల కాయితం మీద గీస్తే ఫోన్‌లో మాయమైతది. పురుగు వెనక మల్బరీ ఆకు గీసి పచ్చరంగు నింపండి. మన పురుగుకు ఆకే ఇల్లు, ఆకే తిండి. బొమ్మలో కూడా అదే దాన్ని పట్టిస్తది.

రెండు, స్టికర్ ఫోన్‌లో బొటనవేలంత కనపడుతది. సన్న గీతలు కనపడవు. స్కెచ్ పెన్నుతో మందంగా గీయండి. ఒక బొమ్మలో ఒక్కటే సంగతి. పురుగు, ఈగ, రైతు, షెడ్డు అన్నీ ఇరికిస్తే ఏదీ కనపడదు.

మూడు, రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. కొందరు మగోళ్లకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలవదు. ఎండలో ఫోన్ చూస్తే ఎవరికీ తెలవదు. అందుకే త్రికోణం, గుండ్రం, చదరం అంచులు పెట్టుకున్నం. రంగు పోయినా ఆకారం మిగులుతది.

నాలుగు, అక్షరాలు రాస్తే ఒక్క మాటే రాయండి, తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి. 'జ్వరం' కింద 'కాత్' అని ఉంటే రెండు బడుల పిల్లలూ ఒకటే చదువుతరు. పెద్దయ్యాక ఆ రెండు మాటలూ నేర్చుకొని ఉంటరు కూడా.

రోగం బొమ్మలకు ఫొటో వాడొచ్చా అని కొందరి అనుమానం. వద్దంటం. ఫొటో ఒక పురుగును చూపిస్తది, గీసిన బొమ్మ లక్షణాన్ని చూపిస్తది. ఫొటో స్టికరైతే 'ఇది ఇవ్వాళ తీసిందా, పాతదా' అనే గోల ఒకటి. స్టికర్‌గా గీసిన బొమ్మ పెట్టండి, దాని కింద ఇవ్వాళ తీసిన అసలు ఫొటో పెట్టండి.

ఫోన్‌లోకి ఎక్కించడం

గీసిన కాయితాన్ని మంచి వెలుతురులో, నీడ పడకుండా, పైనుంచి నిటారుగా ఫొటో తియ్యండి. తర్వాత వాట్సాప్‌లో మెసేజ్ రాసే చోట నవ్వు ముఖం గుర్తు నొక్కి, స్టికర్ గుర్తుకు పోండి. కొత్త వాట్సాప్‌లో అక్కడ 'క్రియేట్' అని ఉంటది. అది నొక్కి ఫొటో ఎంచుకుంటే చుట్టూ ఉన్న కాయితాన్ని అదే కత్తిరిస్తది. సరిగా కత్తిరించకపోతే వేలితో సరిచేసుకోవచ్చు. ఒకసారి గ్రూపులో పంపితే, మిగతావాళ్లు ఆ స్టికర్ మీద నొక్కి 'ఫేవరెట్స్'లో దాచుకుంటే సరి. మళ్లీ ఎవరూ తయారు చెయ్యాల్సిన పని లేదు.

కంప్యూటర్ తెలిసిన పిల్లలు పన్నెండింటినీ ఒక ప్యాక్‌గా కట్టదల్చుకుంటే లెక్కలు ఇవి: బొమ్మ 512 చుక్కల చదరం, వెనక రంగు లేకుండా, ఫైలు 100 కేబీకి లోపల. ఒక ప్యాక్‌లో మూడుకు తక్కువ, ముప్పైకి ఎక్కువ ఉండొద్దు. బొమ్మ చుట్టూ సన్నటి తెల్ల అంచు పెడితే ఫోన్‌లో నల్ల తెర పెట్టుకున్నోళ్లకు కూడా బాగా కనపడుతది. కదిలే బొమ్మలు చెయ్యొద్దు. పాత ఫోన్లు మొరాయిస్తయ్, నెట్ లేని షెడ్డులో తెరుచుకోవు.

ముందు పరీక్ష, తర్వాతనే వాడకం

బొమ్మ గీసినోడికి దాని అర్థం ఎప్పుడూ తెలుస్తది. కాబట్టి అతను చెప్పేది లెక్కలోకి రాదు. ఒక్కో బొమ్మను ఐదుగురికి చూపించండి. వాళ్లల్లో ఒకరు మరాఠీ మాత్రమే వచ్చినోళ్లు ఉండాలె, ఒకరు చదువు రానోళ్లు, ఒకరు పురుగులు పెంచనోళ్లు. 'ఇదేంది?' అని మాత్రమే అడగండి. 'ఇది జ్వరమే గదా?' అని నోట్ల పెట్టొద్దు.

జ్వరం బొమ్మకు చంద్రవంక పెడితే బాగుంటదని మొదట అనిపిస్తది, పురుగు నిద్రపోతుంది గదా అని. కానీ చంద్రవంక చూసి 'రాత్రి మేత వెయ్యాలె' అని ఒకరు చదివిన్రనుకోండి, మేత ఆపాల్సిన రోజు మేత పడుతది. అందుకే పైన చెప్పిన బొమ్మలో చంద్రుడు లేడు, ఆకుకు అడ్డగీత ఉంది. స్థితిని చూపించే గుర్తు కంటె, చెయ్యాల్సిన పనిని చూపించే గుర్తే మేలు.

ఐదుగురిలో నలుగురు ఒకటే చెప్తే బొమ్మ పాస్. లేకుంటే మళ్లీ గీయాల్సిందే.

గ్రూపు కట్టుబాట్లు

త్రికోణం స్టికర్ పెట్టినోళ్లు వెంటనే మూడు సంగతులు చెప్పాలె: ఏ ఊరు, పురుగు ఎన్నో దశ, చాకీ ఎక్కడి నుంచి తెచ్చిన్రు. రాయలేకపోతే నోటితో చెప్పి వాయిస్ పంపండి. ఒకే చోటి నుంచి చాకీ తెచ్చుకున్న మిగతా ఇండ్లు అప్పుడు తమ పడకలు కూడా చూసుకుంటయ్.

స్టికర్ అంటే గంట కొట్టడమే, వైద్యం కాదు. అనుమానం ఉన్న పురుగును ఏరి సున్నం, బ్లీచింగ్ కలిపిన నీళ్లలో వెయ్యండి, చేతులు కడుక్కోండి, ఫొటో పంపండి. ఏ మందు చల్లాలె అన్నది మాత్రం పట్టుశాఖ అధికారిని అడిగి చెయ్యండి. బొమ్మ చూసి మందు కొనొద్దు.

త్రికోణం కింద బొటనవేలు, దండం పెట్టొద్దు. రెండే జవాబులు: 'మా పడక చూసిన, లేదు' లేదా 'మా దగ్గర కూడా ఉంది'. వాయిస్‌లో చెప్పినా సరే.

మన స్టికర్లను వేరే గ్రూపులకు పంపేటప్పుడు అర్థాల పట్టిక కూడా పంపండి. బొమ్మ ఒక్కటే పోతే అర్థం మన దగ్గరే ఉండిపోతది. పాలపురుగు స్టికర్ ఒక్కటి వ్యాపారుల గ్రూపులోకి పోతే, రోగం లేని రైతు గూళ్లకు కూడా ధర తగ్గించి అడుగుతరు.

మనుషుల ముఖాలతో స్టికర్లు చెయ్యొద్దు. అధికారి ముఖమైనా, పక్కింటాయన ముఖమైనా. నవ్వులాట ఒక రోజే ఉంటది, మనసులో పడ్డ గీత పోదు.

నిజంగా ఇది ఎవరి కోసం?

పరువు గురించి ఒక మాట. రోగమొస్తే చాలామంది చెప్పరు. 'శుభ్రం లేదు కాబట్టే వచ్చింది' అంటరని భయం. మార్కెట్‌లో పేరు పోతదని భయం. రెండు రోజులు దాచుకుంటరు, ఆ రెండు రోజుల్లో పక్కింటికి తట్టలు పోతయ్, చంద్రికలు పోతయ్. వంద గుడ్లు పెట్టిన ఇంట్ల నలభై వేల పురుగులకు తక్కువ ఉండవు. పది పురుగుల దగ్గర ఆగాల్సింది షెడ్డు మొత్తం దాకా పోతది. 'మా ఇంట్ల రోగమొచ్చింది' అని రాయడానికి చెయ్యి ఆడని మనిషి, ఒక బొమ్మ నొక్కడానికి అంత వెనకాడడు. అది అందరం కలిసి ముందే ఒప్పుకున్న గుర్తు కాబట్టి అందులో నింద లేదు.

ఇంకొకటి. పడకలు చూసేది, మేత వేసేది, పురుగు ఏరేది చాలా ఇండ్లల్లో ఆడోళ్లే. మొదటి పాలపురుగు కనపడేది వాళ్ల కండ్లకే. గ్రూపులో ఉండేది మాత్రం మగోళ్ల ఫోన్లు. ఆయన పొలం నుంచి వచ్చి, అన్నం తిని, ఫోన్ చూసి, రాసేసరికి రాత్రైతది. ఇంటి ఫోన్‌లో ఈ పన్నెండు బొమ్మలు దాచి పెట్టి ఉంటే, చదువు రాని అత్త కూడా షెడ్డులోంచే నొక్కి చెప్పగలదు. మేత వేసే చేతికి గ్రూపులో మాట్లాడే వీలు దొరుకుతది. స్టికర్ల వల్ల మనకు వచ్చే అన్నిటికంటె పెద్ద లాభం ఇదే.

కాబట్టి ఇంట్లో కూర్చొని పన్నెండు బొమ్మలు చేసి మీ మీద రుద్దడం మాకు ఇష్టం లేదు. ఒక్కో ఊరు ఒక్కో బొమ్మ తీసుకోండి. పిల్లలతో గీయించండి, పెద్దలకు చూపించి పరీక్షించండి, ఎవరు ఏమనుకున్నరో కూడా రాసి పంపండి. తప్పుగా చదివిన జవాబులు మాకు ఇంకా ఎక్కువ అవసరం. త్రికోణం బొమ్మలు నాలుగూ ముందు తయారు కావాలె. వచ్చే చాకీ ఇండ్లకు చేరేలోపు అవి అందరి ఫోన్లలో ఉంటే, ఆ పంట నుంచే వాడకం మొదలు పెట్టుకోవచ్చు.

గీసేటప్పుడు పురుగును జర ముద్దుగానే గీయండి. ఏండ్ల సంది మనకు అన్నం పెడుతున్నది అదే గదా.